ఏథెన్స్ అగోరా, పిస్తా కొట్టు, నాన్న కాటా లెక్క

ఏథెన్స్‌లో ఒక్క పూటే ఉంటే అక్రోపోలిస్ ఎక్కండి, తప్పదు. ఇంకో పూట దొరికితే మాత్రం దాన్ని షాపింగుకి తగలేయకుండా కొండ కింద ఉన్న పాత అగోరాకి, అంటే ప్రాచీన ఏథెన్స్ సంత మైదానానికి ఇవ్వండి. ఇది నా మాట కాదు, మా నాన్న తీర్పు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తాగా జీవితమంతా కాటా పక్కనే నిలబడ్డ మనిషాయన. అక్రోపోలిస్ మీది పార్థెనాన్ గుడి ముందు ఫోటోకి నిలబెడితే "ఎండ మండిపోతోందమ్మా" అన్నారు, అంతే. అగోరాలో ఆయన్ని బయటికి తీసుకురావడానికి అమ్మ రెండుసార్లు కేకేయాల్సొచ్చింది.

మేం వెళ్ళింది 2024 అక్టోబరులో. నేనుండేది మ్యూనిక్, అమ్మానాన్న నా దగ్గరికొచ్చినప్పుడు చేసిన ప్రయాణం. విమానాశ్రయం నుంచి మెట్రోలో మనిషికి 9 యూరోలు, నేరుగా ఊరి నడిబొడ్డున మొనాస్తిరాకిలో దిగొచ్చు. బస రాత్రికి 95 యూరోల అపార్ట్‌మెంట్. బుకింగులో "అక్రోపోలిస్ వ్యూ" అని రాశాడు, అది బాత్రూం కిటికీలోంచి మెడ చాస్తే కనపడుతుంది. లిఫ్టు లేదు. అమ్మ మోకాళ్ళు చూసైనా జాలిపడకుండా, తాళంచెవి ఇచ్చేటప్పుడు క్లీనింగుకి ఇంకో 10 యూరోలు నోటు రూపంలోనే కావాలన్నాడు. ప్రభుత్వం రాత్రికి వేసే పన్ను అప్పట్లో, 2024లో, 1.50 యూరోలే, అది ఇవ్వాల్సిందే. ఈ పది మాత్రం శుద్ధ దండుగ.

అసలు కోపం పిస్తా దగ్గర మొదలైంది. ఏథెన్స్ దగ్గర్లోని ఏజినా దీవి పిస్తాకి మంచి పేరు. మొనాస్తిరాకి సందుల్లో ఒక కొట్టు ముందు గుట్టగా పోసి, పైన పెద్ద అంకెల్లో 3,20 అని అట్ట గుచ్చాడు. నేను ఏటీఎం వెతుక్కుంటూ వెళ్ళాను. నాన్న యూరోని తొంభైతో గుణించి, కిలో మూడొందల లోపే అనుకుని పొంగిపోయి, పొయ్యమని సైగ చేశారట. నేను తిరిగొచ్చేసరికి కాటా మీద 640 గ్రాములు, బిల్లు 20.48 యూరోలు. అట్ట మూల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: 100 గ్రాములకి. అక్కడితో ఆగితే సరే, మనం చూసుకోవాలి అనుకోవచ్చు. నాన్న కళ్ళు అట్ట మీద లేవు, కాటా మీదున్నాయి. మందపాటి అట్టపెట్టెని పిస్తాతో పాటే తూచాడు, పెట్టె బరువు కొట్టెయ్యలేదు.

"అమ్మాయ్, వాణ్ణి జీరో కొట్టమను."

నేను చెప్పేలోగా ఆయనే వేలు పెట్టి "జీరో, జీరో" అన్నారు. ఆ మాటకి అనువాదం అక్కర్లేకపోయింది. కొట్టువాడు నవ్వుతూ ఖాళీ పెట్టె పెట్టి, బటన్ నొక్కి, మళ్ళీ పోశాడు. 590. యాభై గ్రాముల అట్ట! 18.88 ఇచ్చి బయటపడ్డాం. పిస్తా బాగుంది, అది వేరే సంగతి. "యార్డులో తరుగు తీసేవాడు కూడా మొహం మీదే చెప్పి తీస్తాడు" అని నాన్న దారంతా గొణుగుతూనే ఉన్నారు.

అదే మూడ్‌లో అగోరాకి వచ్చాం. అక్రోపోలిస్, అగోరాతో సహా ఏడు పురాతన స్థలాలకీ కలిపి 30 యూరోల టికెట్టు ముందే కొన్నాం. అరవై అయిదు దాటిన యూరప్ పౌరులకి అక్టోబరులో రాయితీ ఉంది, మన పాస్‌పోర్టుకి లేదు. ఇంకో రాయి నాన్న నెత్తిన.

లోపల మొదట నిరాశే. పునాదులు, విరిగిన రాళ్ళు, పొదలు. ఉత్తరం పక్కన పిరేయస్ రేవుకెళ్ళే మెట్రో రైలు గుంట కోసుకుంటూ పోతుంది. ఊరి నుంచి దూరాలన్నీ ఎక్కణ్ణుంచి కొలిచేవారో ఆ పన్నెండు దేవతల బలిపీఠం చాలావరకు ఆ పట్టాల కిందే ఉండిపోయింది. పడమటి గుట్ట మీద కమ్మరి దేవుడు హెఫాయిస్తోస్ గుడి మాత్రం 34 స్తంభాలతో చెక్కుచెదరకుండా నిలబడింది. 1834 వరకు చర్చిగా వాడారు కాబట్టే మిగిలింది. అమ్మ అక్కడ చెట్టు నీడలో కూలబడి, పొదల్లోంచి వచ్చిన తాబేలుతో కాలక్షేపం చేసింది. అవి అక్కడ స్వేచ్ఛగా తిరుగుతుంటాయి.

తూర్పున అత్తాలోస్ స్టోవా. క్రీ.పూ. రెండో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని పెర్గమాన్ రాజు కట్టించిన వరండా, అంతస్తుకి 21 చొప్పున 42 దుకాణాలు. ఇప్పుడు కనిపించేది 1950లలో అమెరికా పురావస్తు పండితులు తిరిగి కట్టింది. "కొత్తదేగా" అని తీసిపారేసేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. సంత అంటే ఎలా ఉండేదో చూపించేది ఏథెన్స్ మొత్తంలో ఇదొక్కటే, పైగా చల్లని నీడ.

మ్యూజియం దాని లోపలే. అక్కడ నాన్న ఆగిపోయారు. క్రీ.పూ. 500 నాటి మూడు కంచు తూకం రాళ్ళు: పెద్దదాని మీద పాచిక ఎముక బొమ్మ, దాదాపు 795 గ్రాములు, అందులో నాలుగో వంతు బరువున్నదాని మీద డాలు, ఆరో వంతుదాని మీద తాబేలు. చదువు రానివాడికి కూడా తేడా తెలిసేలా బొమ్మలు. పైన "ఏథెన్స్ వాళ్ళ ప్రజల సొత్తు" అని చెక్కారు. తూనికలు, కొలతలు తనిఖీ చేయడానికి పదిమంది అధికారుల్ని చీటీ వేసి ఎంపిక చేసేవారని చదివి వినిపించాను, అయిదుగురు ఊరికి, అయిదుగురు పిరేయస్ రేవుకి. "చీటీ వేసి తీస్తే మామూళ్ళు ఎవడికివ్వాలో ముందే తెలీదు, తెలివైనవాళ్ళే" అన్నారు. క్రీ.పూ. 375 నాటి చట్టం గురించి చెబితే ఇంకా ఆనందం. వెండి నాణేలు పరీక్షించే ప్రభుత్వ బానిస సంతలో బల్లల మధ్య కూర్చోవాలి, లోపల రాగి ఉన్న దొంగ నాణేన్ని అక్కడికక్కడే అడ్డంగా కోసెయ్యాలి. పనికి రాకపోయినా, పరీక్ష చేయకపోయినా వాడికే యాభై కొరడా దెబ్బలు. ఆ చట్టం చెక్కిన రాయి 1970లో ఈ అగోరా తవ్వకాల్లోనే దొరికింది.

"మన పిస్తావాడు అప్పట్లో ఉంటేనా..." అని మొదలెట్టారు. అమ్మ "ఏమండీ, ఆకలి" అంది.

పక్కనున్న రోమన్ అగోరాకి డబ్బు పెట్టకండి, కంచె బయట నుంచే గాలుల గోపురం అనే పాతకాలపు గడియార కట్టడంతో సహా కనిపిస్తుంది.

భోజనం అగోరా పక్కనే ఉన్న థిసియో పేటలో ఒక చిన్న హోటల్లో. ఫావా అని పసుపు పప్పుబద్దల ముద్ద తెచ్చారు, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ, నిమ్మచెక్క. అచ్చం ముద్దపప్పే, నెయ్యి బదులు ఆలివ్. శాకాహారి అయిన అమ్మ ప్రయాణంలో మొదటిసారి పళ్ళెం ఖాళీ చేసింది. ఫావా 6.50, టమాటాలో ఉడికిన పెద్ద చిక్కుడు గింజలు 7.50. అడగకుండా తెచ్చిన రొట్టెకి మనిషికో యూరో వేస్తారు, వద్దంటే తీసేస్తారు.

ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి: ఆ 30 యూరోల ఉమ్మడి టికెట్టు 2025 ఏప్రిల్ నుంచి ఆపేశారు, దేనికది విడిగా కొనాలి. నవంబరు నుంచి మార్చి దాకా నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. పిస్తా కొంటే ముందు ఖాళీ పెట్టె తూయించండి.