కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చాపెల్: ముందు పక్కగదులు, ఆ తర్వాతే పైకప్పు

పిల్లల్ని చూడటానికి ఇంగ్లండ్ పోయే తల్లిదండ్రులు మన హనుమకొండ, కాజీపేటల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. కేంబ్రిడ్జ్ తీసుకుపోతామని పిల్లలంటే కాదనకండి. ఒక్క కింగ్స్ కాలేజీ చాపెల్, అంటే ఆ కాలేజీ ప్రార్థనా మందిరం, చూసినా ఆ ప్రయాణం గిట్టుబాటే. నేను బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. ఏ కట్టడం చూసినా, బరువు ఎటు దిగుతోందా అని నా కళ్లు వెతుకుతాయి.

లోపల అడుగుపెట్టగానే అందరూ తలెత్తి పైకే చూస్తారు. విప్పిన విసనకర్రలు పక్కపక్కన పేర్చినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా రాతి కప్పు. 80 అడుగుల ఎత్తు, 289 అడుగుల పొడవు, నడుమ ఒక్క స్తంభం లేదు. వేయిస్తంభాల గుడి చూస్తూ పెరిగిన నాకు అది నమ్మబుద్ధి కాలేదు. మరి అంత రాయి బరువు ఎటు పోతోంది?

జవాబు ఉత్తరం వైపు చిన్న గదుల్లో దొరికింది. ఈ చాపెల్ ఎలా కట్టారో చెప్పే చిన్న మ్యూజియం అక్కడుంది. చాలామంది పైపైన చూసి వెళ్లిపోతున్నారు, నాకైతే ప్రాణం లేచొచ్చింది. గోడకు ఆనించి బయట వరుసగా లావాటి రాతి దిమ్మలు లేపారు. కప్పు బరువు గోడల్ని పక్కలకు తోస్తుంటే ఆపేవి అవే. ఆ దిమ్మల మధ్య జాగాలనే గదులు చేశారు. అంటే మ్యూజియం చూస్తూ మనం నిలబడేది ఆ దిమ్మల నడుమే! గోడకు భారం తగ్గింది కాబట్టే అంతంత రంగుటద్దాల కిటికీలు పెట్టగలిగారు. మన రామప్ప గుడి శిల్పులు ఇంకో దారి పట్టారు. శిఖరానికి నీళ్లమీద తేలే ఇటుకలు వాడి అసలు బరువే తగ్గించారు. రెండు చోట్లా ఎంత ఆలోచన!

1446 జులై 25న ఆరో హెన్రీ రాజు దీనికి శంకుస్థాపన చేశాడు. (రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చిందీ జులై 25నే, 2021లో.) రాజవంశాల కొట్లాటతో పని ఏళ్లకేళ్లు ఆగింది. బయట గోడ వెంట నడిస్తే తెల్లరాయి ఒకచోట ఆగి, వేరే రంగు రాయి మొదలవడం కనిపిస్తుంది. చివరికి జాన్ వాస్టెల్ అనే మేస్త్రి 1512లో కప్పు మొదలుపెట్టి 1515కల్లా ముగించాడు. ఇప్పటిలాంటి క్రేన్లు లేని రోజుల్లో మూడేళ్లు! "బాపూ, రైలు టైమైతుంది" అని బిడ్డ తొందరపెడుతున్నా నాకు కదలబుద్ధి కాలేదు.

నడుమ ఉన్న చెక్క తెర మీద ఎనిమిదో హెన్రీ, రాణి యాన్ బోలీన్ పేర్ల అక్షరాలు చెక్కి ఉన్నాయి. 1536లో ఆ రాజే ఆమెకు మరణశిక్ష వేయించాడు, అక్షరాలు మాత్రం ఎవరూ తీయలేదు. చివర్న రూబెన్స్ వేసిన పెద్ద పెయింటింగ్ ఉంది. బొమ్మలంటే ఇష్టమున్నవాళ్లు అక్కడ ఆగండి.

గంటన్నర పెట్టుకోండి, స్వెటర్ మరవకండి. ప్రార్థనలుంటే సందర్శన వేళలు మారతాయి, ఆన్‌లైన్‌లో చూసుకుని టికెట్ కొనండి. కాలేజీ నడిచే రోజుల్లో సాయంత్రం ప్రార్థనకు టికెట్ అక్కర్లేదు. చిన్నపిల్లలూ కాలేజీ విద్యార్థులూ కలిసి పాడతారు, ఎవరైనా కూర్చుని వినొచ్చు.