లక్సర్‌లో రాత్రి భోజనం: ఓడలోనా, తెరచాప పడవలోనా, అవతలి గట్టు మేడ మీదనా?

ఈజిప్టులోని లక్సర్‌లో పొద్దు వాలేవేళ నైలు గట్టు రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే చాలు, పడవవాళ్లు చుట్టుముడతారు. అందరిదీ ఒకటే పాట: సూర్యాస్తమయం, రాత్రి భోజనం కలిపి ఒకే రేటు. వినడానికి బేరం బాగానే ఉంటుంది. నా మాట వింటే ఆ రెండింటినీ ఒకే మనిషి దగ్గర కొనకండి. అక్కడ మూడు సాయంత్రాలు గడిపి, అందులో ఒకటి చెడగొట్టుకున్నాక చెబుతున్నాను.

కారణం ఊరి అమరికలోనే ఉంది. ఊరు, లక్సర్ ఆలయం, కర్నాక్ ఆలయాలు అన్నీ నైలుకు తూర్పు గట్టున ఉంటాయి. ప్రాచీన రాజుల సమాధులున్న రాజుల లోయ, దాని కొండలు పడమటి గట్టున ఉంటాయి. ప్రాచీన ఈజిప్టువాళ్లు తూర్పును బతికున్నవాళ్లకు, పడమరను పోయినవాళ్లకు వదిలేశారు. సూర్యుడు దిగేది ఆ కొండల వెనకకే కాబట్టి అస్తమయం చూడాలంటే తూర్పు గట్టున గానీ నది మీద గానీ ఉండాలి. చీకటి పడ్డాక లెక్క తిరగబడుతుంది. దీపాలు వెలిగిన ఆలయం, గట్టు వెంట వెలుగులు నీళ్లలో ఊగడం చూడాలంటే పడమటి గట్టుకు చేరాలి. ఒకేచోట కూర్చుని రెండూ చూడాలనుకుంటే ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

మనవాళ్లలో చాలామంది లక్సర్‌కు క్రూయిజ్ ప్యాకేజీలో వస్తారు. అస్వాన్ దాకా మూడు నాలుగు రాత్రుల ప్రయాణం, మూడు పూటలా తిండి అందులోనే. "డబ్బు కట్టేశాం కదా, బయట తినడం ఎందుకు?" అనేది సహజమైన ప్రశ్న. ఓడలో బఫే చెడ్డదేమీ కాదు. పప్పు సూపు, అన్నం, పాస్తా, కాల్చిన కోడి, తేనెపాకం ఓడుతున్న బస్బూసా అనే రవ్వ మిఠాయి ఉంటాయి. అన్ని దేశాల నాలుకలకూ సరిపడేలా వండాలి కనుక కారం, పులుపు, వెల్లుల్లి అన్నీ ఒక మెట్టు కిందే ఉంటాయి. మూడో రాత్రికి ఏది తిన్నా ఒకే రుచి. పైగా లక్సర్ రేవులో ఓడలు ఒకదాని పక్కన ఒకటి నాలుగైదు వరసల్లో ఆనించి ఉంటాయి. ఒడ్డెక్కాలంటే పక్క ఓడల హాళ్ల గుండా నడిచిపోవాలి. మీ కిటికీ తెర తీస్తే నైలు కనిపించదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో పక్క ఓడ కిటికీ, అందులో పళ్లు తోముకుంటున్న ఎవరో పెద్దమనిషి కనిపిస్తారు. ఓడ కదిలి దారిలోని ఎస్నా, ఎడ్ఫూ ఊళ్ల వైపు సాగుతున్న రాత్రి పై అంతస్తులో కూర్చుంటే ఆ బఫేయే అమృతం. రేవులో కట్టేసి ఉన్న రాత్రి మాత్రం దిగి ఊళ్లోకి వెళ్లండి. నడవలేని పెద్దవాళ్లు, నిద్రకు తూగే పసిపిల్లలు ఉంటే వేరే సంగతి.

ఇక ఫెలూకా. ఒంటి తెరచాప పడవ, మోటారు ఉండదు. నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచే వీస్తుంది. ఎగువకు పోవాలంటే తెరచాప విప్పడం, దిగువకు రావాలంటే ప్రవాహానికి వదిలేయడం, ఇంతే విద్య. ప్రాచీన చిత్రలిపిలో దక్షిణానికి వెళ్లడమనే మాటకు తెరచాప ఎత్తిన పడవ బొమ్మ, ఉత్తరానికి వెళ్లడమనే మాటకు తెరచాప లేని పడవ బొమ్మ వేసేవారు. ఇన్ని వేల ఏళ్ల పద్ధతిలో ఒక చిక్కుంది. పొద్దు గుంకగానే గాలి చాలాసార్లు పడిపోతుంది.

మాకూ అదే జరిగింది. కొండల వెనక ఎరుపు ఇంకా ఆరలేదు, తెరచాప తడిగుడ్డలా వేలాడిపోయింది. పడవ నడిపే పెద్దాయన ఏమీ అనకుండా తెడ్డు అందుకున్నాడు. ఒడ్డున ఎక్కడో వండి, రేకు కప్పి తెచ్చిన డబ్బాలు అప్పుడు విప్పాం. కోఫ్తాల చుట్టూ కొవ్వు తెల్లగా పేరుకుని ఉంది. ఉన్నది ఒక్క దీపం, దాని చుట్టూ మూగిన పురుగుల్లో ఎన్ని అన్నంలో పడ్డాయో లెక్కపెట్టలేదు. పడవలో మరుగుదొడ్డి ఉండదని మా అత్తయ్యకు ఎవరూ ముందు చెప్పలేదు. అయినా అదే పడవలో అంతకు ముందు గంట, టీ గ్లాసు చేతిలో, చెరకు తోటల అంచున దిగిన కొంగలను చూస్తూ గడిపిన ఆ గంటను దేనితోనూ మార్చుకోను. అందుకే ఫెలూకాను గంట లెక్కన మాట్లాడుకోండి, భోజనం లెక్కన కాదు. దీపాల వేళకు ఒడ్డు చేరేలా చూసుకోండి.

ఆ పడవవాడినే మిమ్మల్ని పడమటి గట్టున దింపమనొచ్చు. లేదంటే లక్సర్ ఆలయం దగ్గరి రేవు నుంచి ఊరి జనం ఎక్కే ఫెర్రీ ఉంది. దిగిన రేవు నుంచి నడిచేంత దూరంలోనే మేడల మీద భోజనశాలలు ఉన్నాయి. మూడు అంతస్తుల మెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, కాళ్ల దగ్గర ఒక పిల్లి. ఇక్కడ తినవలసింది తాగిన్. పేరు తాగిన్ అయినా తినేదే! మట్టి మూకుట్లో మాంసమో కూరగాయలో టమాటా, ఉల్లితో పొయ్యిలో పెట్టి ఉడికిస్తారు. బల్ల మీదికి వచ్చాక కూడా అంచుల్లో కుతకుతలాడుతూనే ఉంటుంది. వేడివేడిగా కావాలంటే నలభై నిమిషాలు ఓపిక పట్టాలి, తొందరపెట్టి లాభం లేదు. ఆ లోపు నువ్వుల ముద్దతో చేసిన తహీనా, ఉప్పులో ఊరిన కూరగాయలు, రొట్టె వస్తాయి. ఎగువ ఈజిప్టు అనే ఈ దక్షిణ ప్రాంతంలో పిండిని ఎండలో పొంగనిచ్చి కాల్చే ఐష్ షంసీ అనే మందపాటి రొట్టె ఉంది, దొరికితే వదలకండి. ఈజిప్టువాళ్లు రొట్టెను ఐష్ అంటారు, ఆ మాటకు బతుకు అని కూడా అర్థం. అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపమనే మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

తాగడానికి కర్కదే అడగండి. ముదురు ఎరుపు, నాలుక అంచున పులుపు. మా ఆవిడ ఒక గుక్క తాగి "ఇదెక్కడో తెలిసిన పులుపే" అంది. తెలిసినదే, అది గోంగూర మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు పువ్వు కింది ఎర్రటి రేకలను ఎండబెట్టి కాస్తారు. మేము అక్కడ కూర్చుని ఉండగా ఎదుటి గట్టున అజాన్ మొదలై నీటి మీదుగా వచ్చింది. అటువైపు అబుల్ హగ్గాగ్ మసీదు లక్సర్ ఆలయం లోపలే ఉంటుంది. ఆలయం ఇసుకలో కూరుకుపోయిన కాలంలో కట్టింది కనుక, ఇసుక తవ్వేశాక దాని పాత గుమ్మం నేలకు చాలా ఎత్తున, గాలిలో మిగిలిపోయింది.

1907లో తెరిచిన వింటర్ ప్యాలెస్ హోటల్ సంగతి కూడా అడుగుతారు. 1922లో ప్రాచీన రాజు టుటాంఖమున్ సమాధి బయటపడినప్పుడు లోకమంతా లక్సర్ వైపు చూసిన కాలం దానిది. అందులో ఫ్రెంచి పద్ధతి విందుకు కోటు వేసుకుని కూర్చోవడం కొందరికి ముచ్చట. నాకు మాత్రం ఫ్రెంచి వంట కోసం నైలు దాకా రావడం అర్థం కాలేదు. ముందుభాగపు వసారా పడమటికి తిరిగి ఉంటుంది. పడవ ఎక్కడం ఇష్టం లేనివాళ్లు సూర్యాస్తమయాన్ని అక్కడ ఒక టీ ఖరీదుకు కొనుక్కోవచ్చు, కాకపోతే టీ ఖరీదే కాస్త ఘాటు.

శాకాహారులకు నా ఓటు ఊళ్లోని కొషరీ దుకాణానికే. రైల్వే స్టేషన్ వైపు వీధుల్లోకి వెళితే గిన్నె అంచుకు గరిటె తగిలే చప్పుడే దారి చూపుతుంది. అన్నం, పప్పు, సేమ్యా, పాస్తా, సెనగలు, పైన టమాటా పులుసు, కరకరలాడే వేయించిన ఉల్లి. మన కిచిడీకి దూరపు చుట్టమని చాలామంది చెబుతారు. వెల్లుల్లి, వెనిగర్ కలిపిన దక్కా ధారాళంగా పోసుకోండి. షత్తా అనే కారం మాత్రం చుక్కలతో మొదలుపెట్టండి, మన ఊరి కారం తిన్న ధీమా అక్కడ పనికిరాదు. నది కనిపించదు, సంగీతం ఉండదు, పది నిమిషాల్లో తినేసి లేస్తారు. కడుపు మాత్రం నిండుతుంది.

మాంసం తిననివాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మొలొఖియా అనే ఆకుకూర జనపనార ఆకుతో చేస్తారు, బచ్చలికూరలా జారుతుంది, చూస్తే మన కూరే అనిపిస్తుంది. కానీ దాన్ని చాలాచోట్ల కోడి ఉడికిన నీళ్లతోనే వండుతారు. "శాకాహారం" అని వివరించడం కంటే "సియామీ" ఉందా అని అడగడం మేలు. ఈజిప్టులోని కాప్టిక్ శాఖ క్రైస్తవులు ఉపవాస దినాల్లో తినే వంటకు ఆ పేరు. మాంసం, గుడ్డు, పాలు ఉండవు, చేప మాత్రం కొన్నిసార్లు ఉంటుంది. అది వద్దని విడిగా చెప్పాలి.

ఖర్చు విషయానికొస్తే, 2024 మార్చిలో ఈజిప్టు పౌండు విలువ ఒక్కసారిగా పడిపోయింది కాబట్టి పాత ప్రయాణికులు చెప్పే అంకెలు నమ్మకండి. బల్ల దగ్గర కూర్చునే ముందే, మెనూ ధరలో 14 శాతం పన్ను, సర్వీసు రుసుము కలిసి ఉన్నాయో లేదో అడగండి. బీరు కావాలనుకునేవాళ్లూ అప్పుడే అడగాలి, పడమటి గట్టున అన్నిచోట్లా దొరకదు.

ఒక్క సాయంత్రమే ఉంటే నేనైతే ఫెలూకాలో గంట, ఆపైన పడమటి గట్టు మేడ మీద తాగిన్. రెండో సాయంత్రం దొరికితే లక్సర్ ఆలయాన్ని దీపాల వెలుగులో చూసి కొషరీ. తిరిగొచ్చేటప్పుడు ఫెర్రీకి చిల్లర జేబులో ఉంచుకోండి. పెద్ద నోటు ఇస్తే చిల్లర తెస్తానని వెళ్లిన కుర్రవాడు వచ్చేలోపు ఫెర్రీ అవతలి గట్టు చేరిపోతుంది.