హంటింగ్టన్ పరిశోధనకు విరాళం: ల్యాబ్‌కా, ట్రయల్‌కా, రిజిస్ట్రీకా?

హంటింగ్టన్ (వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బు) ఉన్న కుటుంబాలు, ముఖ్యంగా విదేశాల్లో ఉన్న మనవాళ్లు పదేపదే అడిగేది ఇదే: పది లక్షల దాకా పరిశోధనకు ఇవ్వగలం, ఎవరికిస్తే మేలు?

మందుల ట్రయల్ సంగతి ముందే తేల్చేద్దాం. టొమినెర్సెన్ అనే హంటింగ్టన్ మందు మూడో దశ ట్రయల్‌లో 791 మంది చేరారు. లాభం కన్నా ముప్పే ఎక్కువని 2021 మార్చిలో మందు ఆపేశారు. అది పెద్ద కంపెనీలు మోయాల్సిన బరువు, మన పది లక్షలు ఏ మూలకూ రావు.

ల్యాబ్‌కిచ్చే సీడ్ గ్రాంట్, అంటే పని మొదలుపెట్టడానికి ఇచ్చే చిన్న సాయం, మంచిదే. ప్రభుత్వ గ్రాంటుకు దరఖాస్తు పెట్టాలంటే ముందు కొంత డేటా చూపాలి, ఆ డేటా తీయడానికే డబ్బుండదు. ఆ లోటు పూడుతుంది.

అయినా నేను రిజిస్ట్రీకే, అంటే రోగుల వివరాలు ఏళ్ల తరబడి నమోదు చేసే ఏర్పాటుకే, ఇమ్మంటాను. 1979 నుంచి అమెరికా శాస్త్రవేత్త నాన్సీ వెక్స్‌లర్ బృందం వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డు ఊళ్లకు పదేపదే వెళ్లి వంశవృక్షాలు రాసుకుంది, రక్తం సేకరించింది. వ్యాధి జన్యువు 4వ క్రోమోజోమ్‌పై ఉందని 1983లో తెలిసినా, 1993లో ఆ జన్యువే దొరికినా ఆ నమూనాలే ఊతం. ఇప్పుడు తేలాల్సింది జబ్బు ఎవరిలో ఎంత వేగంగా ముదురుతుందో. అందుకు అదే మనిషిని ఏటా పిలవాలి. నాలుక పూర్తిగా బయటపెట్టి 10 సెకన్లు నిలపగలడా, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ తిన్నగా నడవగలడా అని చూసి స్కోరు వేయాలి. ఆ అంకెలు చేతిలో లేకపోతే రేపు మంచి మందొచ్చినా అది పనిచేసిందని తేల్చడం కష్టం.

దెబ్బతినేదీ ఇక్కడే. ఒక్క ఏడాది ఇచ్చి ఊరుకుంటే రిజిస్ట్రీ పని చూసే కోఆర్డినేటర్ వేరే ఉద్యోగం చూసుకుంటారు, రెండో ఏడు రోగులకు ఫోన్ చేసే దిక్కుండదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో రక్తం గొట్టాలు మాత్రం మిగులుతాయి. ఆ మనిషి తర్వాత ఎలా ఉన్నాడో ఎక్కడా రాసి ఉండదు. కాబట్టి ఏటా 2 లక్షల చొప్పున ఐదేళ్లు ఇవ్వండి. కోఆర్డినేటర్ జీతంలో కొంత, రోగికీ తోడొచ్చే మనిషికీ దారిఖర్చులు అందులోంచి పోవాలని రాయించుకోండి. ప్రతి విడతకు ముందు ఒక్క మాట అడగండి: నిరుడు వచ్చినవాళ్లలో ఈ ఏడు ఎందరు తిరిగొచ్చారు?

జన్యు పరీక్ష ఫలితం వద్దనుకునేవాళ్లకు అది చెప్పకుండానే చేర్చుకునే ఏర్పాటుందో లేదో కూడా చూడండి. లేకపోతే రోగుల పిల్లలు భయపడి ఆ గడప తొక్కరు.

డబ్బు పంపేటప్పుడు ఒక చిక్కుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ కార్డున్నా, విదేశీ విరాళం కిందే లెక్క. ఇక్కడి ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉంటేనే తీసుకోగలదు. భారత పాస్‌పోర్టున్న ఎన్నారైలు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు.