మా ఊరి వాటర్ ప్లాంట్: నీళ్ళు మంచివే, ఆడోళ్ళనే అడగలేదు

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం వైపు మా ఊర్లో ఉన్న ఆర్వో ప్లాంట్ (నీళ్ళలో ఉప్పు, ఫ్లోరైడ్ వడగట్టేది) గురించి రాస్తున్నా, 5కి 3 ఇస్తా. నీళ్ళ వరకు వంక పెట్టేదేం లేదు. మా బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని లెక్క, మా పెద్దోళ్ళ పండ్ల మీద గారలు, వంగిన మోకాళ్ళు చూసినోళ్ళకి ఈ నీళ్ళ విలువేందో ఎవరూ చెప్పక్కర్లేదు. కార్డు పెడితే 5 రూపాయలకి 20 లీటర్లు, మిషన్ కూడా ఊరికూరికే చెడిపోదు.

కానీ ఇదంతా బండి ఉండే మొగోడి కోసం కట్టినట్టుంది. బిందెలు మోసినన్నాళ్ళూ నీళ్ళు ఆడోళ్ళ పని, క్యాన్ బండెక్కినాక మొగోళ్ళు కూడా తెస్తున్నారు, అది మంచి మార్పే, నేను కాదనను, అయితే బండి లేని ఇల్లు, మొగుడు బెంగళూరు పనికి పోయిన ఇల్లు, ఒంటరి ముసలమ్మ, వీళ్ళంతా 20 కేజీలు ఎట్లా మోస్తారు? 10 లీటర్లకి ఒక బటన్ పెట్టన్నా అంటే మిషన్‌లో ఆ సెట్టింగ్ లేదంటాడు ఆపరేటర్. ఇంక టైమింగ్ చూడండి, పొద్దున 8కి తెరిచి 10కి మూస్తారు, ఎండాకాలం ఉపాధి పనికి పోయే అక్కలు తెల్లారకముందే పోయుంటారు, వాళ్ళొచ్చేసరికి తాళం.

నాకు చానా బాధనిపించేది వేస్ట్ నీళ్ళ సంగతి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది, ఆర్వో వదిలే ఉప్పు నీళ్ళు పొద్దస్తమానం కాలవలోకే. పొదుపు సంఘం వాళ్ళు తొట్టి కట్టించండి, బండలు కడుక్కుంటాం, బాత్రూంకి వాడుకుంటాం అని అడిగినారు, తాగేదానికీ పశువులకీ అవి పనికిరావని కూడా వాళ్ళే చెప్పినారు. ఇంట్లో ఏ నీళ్ళు దేనికి వాడాలో రోజూ లెక్కేసుకునేది వాళ్ళే కదా. కమిటీలో అందరూ మొగోళ్ళే, చూద్దాంలే అన్నారు, అంతే.

ఊర్లలో ఇంటింటికీ కొళాయి నీళ్ళు ఇచ్చేదానికి 2019లో మొదలైన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ గైడ్‌లైన్స్‌లో అయితే ఊరి నీళ్ళ కమిటీలో సగం మంది ఆడోళ్ళు ఉండాలని, నీళ్ళు కిట్‌తో టెస్ట్ చేసేదానికి ఊరికి 5 మంది ఆడోళ్ళకి ట్రైనింగ్ ఇవ్వాలని స్పష్టంగా ఉంది. చెరువుల దగ్గరా ఇదే తంతు, 1997 సాగునీటి సంఘాల చట్టంలో భూమి రికార్డుల్లో పేరున్న రైతుకే ఓటు, కయ్యలో నాట్లేసే ఆమె పేరు ఆ రికార్డులో ఎన్ని ఇళ్ళల్లో ఉంటుందో మీకే తెలుసు.

మా ప్లాంట్‌కి రాత్రి 7 నుంచి 9 దాకా ఒక టైం, 10 లీటర్ల బటన్, వేస్ట్ నీళ్ళకి ఒక తొట్టి, ఈ మూడూ చేస్తే ఇంకో స్టార్ కలుపుతా. ఐదోది కమిటీలో ఆడోళ్ళు కూర్చున్న రోజు, అదీ వాళ్ళ బదులు మొగుళ్ళు సంతకం పెట్టకుండా.