బెర్లిన్ దిగ్బంధం: లారీలా, విమానాలా?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత గెలిచిన దేశాలు జర్మనీని మండలాలుగా పంచుకున్నాయి. అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ చేతిలోని పశ్చిమ బెర్లిన్ చుట్టూ సోవియట్ మండలమే. 1948 జూన్ 24న సోవియట్ సేనలు ఆ పశ్చిమ బెర్లిన్‌కు వెళ్లే రోడ్లు, రైలు మార్గాలు, కాలువలు మూసేశాయి. లోపల ఇరవై లక్షలకు పైగా జనం. అమెరికా ముందు మూడు దారులున్నాయి: నగరాన్ని వదిలేసి వెళ్లడం, సైన్యం కాపలాతో లారీలను నడిపించడం, ఆకాశం గుండా సరుకు చేరవేయడం.

మొదటిదానికి అధ్యక్షుడు ట్రూమన్ ఒప్పుకోలేదు. ఆయన్ను తప్పుపట్టలేను. నమ్మి నిలబడ్డ జనాన్ని ఆకలికి అప్పగించడం ఏ విధానమూ కాదు.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే. లారీల పక్షాన మాట్లాడినవాడు సామాన్యుడు కాదు, అమెరికా మండల సైనిక గవర్నర్ జనరల్ లూషియస్ క్లే. రష్యన్లు యుద్ధానికి దిగరని ఆయన నమ్మకం. అది నిజమే అయి ఉండవచ్చు. కానీ రోడ్డు మీద వెళ్లే హక్కుకు రాతపూర్వక ఒప్పందం లేదు. పైగా లారీలను ఆపడానికి తుపాకీ అక్కర్లేదు, దారిలో ఒక వంతెన తెగితే చాలు. అప్పుడు వెనక్కి తిరగాలి, లేదా మొదటి తూటా అమెరికాయే పేల్చాలి.

ఆకాశంలో లెక్క తిరగబడింది. మూడు గగన మార్గాలకు 1945 నవంబరులోనే రాతపూర్వక ఒప్పందం కుదిరింది. విమానాన్ని ఆపాలంటే కూల్చాలి, అంటే ఆ మొదటి తూటా భారం స్టాలిన్‌ది. నా దృష్టిలో ఈ ఒక్క కారణమే విమానాల వైపు మొగ్గడానికి చాలు.

అలాగని అది చవకైన దారి కాదు. మోసిన సరుకులో సుమారు మూడింట రెండు వంతులు బొగ్గే. అయినా ఆ చలికాలం ఇళ్లలో కరెంటు రోజుకు కొద్ది గంటలే. ప్రమాదాల్లో వంద మందికి పైగా చనిపోయారు. టేగెల్‌లో కొత్త విమానాశ్రయాన్ని సుమారు మూడు నెలల్లో కట్టిన వేలాది కూలీలు బెర్లిన్ వాసులే, వారిలో సగానికి దగ్గరగా స్త్రీలు. 1949 ఏప్రిల్ 16 నాటికి ఒక్క రోజులో దాదాపు 13,000 టన్నులు దించగలిగారు. ఇంకో సంగతి మరవకూడదు: తూర్పున ఉన్న సోవియట్ మండలానికి సరుకు వెళ్లకుండా పశ్చిమ దేశాలు పెట్టిన ఎదురు దిగ్బంధం కూడా మాస్కోను గట్టిగానే నొప్పించింది.

మే 12న దారులు తెరుచుకున్నాయి. విమానాలు మాత్రం సెప్టెంబరు 30 దాకా తిరిగాయి. మళ్లీ మూస్తారేమోనని గోదాములు నింపుతూనే ఉన్నారు.