బైసల్ఫేట్ పౌడర్: నల్లా మెరిసింది, గడప బండ పోయింది

హనుమకొండలో మా కాలనీకి బోరు నీళ్లే దిక్కు. నల్లాల మూతుల మీద, షవర్ రంధ్రాల్లో సున్నంలా తెల్లగా గట్టిపడిపోతుంది. బాత్రూమ్ యాసిడ్ పోస్తే ఆ ఘాటుకి దగ్గు ఆగదు, అందుకే షాపాయన "సార్, ఇది పొడి, వాసన రాదు, టైల్స్‌కి ఏం కాదు" అని అర కిలో ప్యాకెట్ చేతిలో పెడితే తెచ్చుకున్నా. వెనకాల చిన్న అక్షరాల్లో ఒకటే మాట: సోడియం బైసల్ఫేట్.

అప్పటిదాకా తినే సోడాతో రుద్దేవాణ్ని, ఏమీ కదల్లేదు. అది సోడియం బైకార్బొనేట్. అదీ బై, ఇదీ బై, ఇది మాత్రం కొత్తగా ఏం ఊడబొడుస్తుందిలే అన్నా. ఇంటర్ చదివే మా బిడ్డ నవ్వింది. "రెండూ ఆమ్ల లవణాలే డాడీ, కానీ ఆ పేరుకి అర్థం పుల్లగా ఉంటాయని కాదు." సల్ఫ్యూరిక్ ఆమ్లంలో రెండు హైడ్రోజన్లుంటే ఒకదాని చోట సోడియం వచ్చి కూర్చుంది, రెండోది అలాగే మిగిలింది, అంతే సంగతి. మామూలు సోడియం సల్ఫేట్‌తో పోలిస్తే ఒక్కో సోడియంకి సల్ఫేట్ రెట్టింపు కాబట్టి పాతవాళ్లు బై అన్నారట, ఇప్పటి పుస్తకాల్లో సోడియం హైడ్రోజన్ సల్ఫేట్. మిగిలిన ఆ హైడ్రోజన్‌ని ఇది నీళ్లలో తేలిగ్గా వదిలేస్తుంది, అందుకే గట్టి ఆమ్లం. తినే సోడా అంత తేలిగ్గా వదలదు, దాని నీళ్లు పీహెచ్ 8 దాటి కొంచెం క్షారంగానే ఉంటాయి. నా రుద్దుడంతా దండగ అన్నమాట.

గ్లౌజులేసుకుని, పొడి కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి నల్లాకి చుట్టి పది నిమిషాలుంచా. చిన్న చిన్న బుడగలు, తర్వాత ఒక్క తుడుపుకి తెల్లదంతా వచ్చేసింది. ఆరకముందే బాగా కడగాలి, లేదంటే కాల్షియం సల్ఫేట్ పొరగా అంటుకుంటుంది, అది నీళ్లలో అంత తొందరగా కరగదు. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం కలపొద్దు, క్లోరిన్ వస్తుంది.

ఇక నా ఏడుపు. గుడ్డ పిండిన నీళ్లు బాత్రూమ్ గడప మీద పడ్డాయి. అది తాండూరు బండ. సున్నపురాయే కదా, నల్లా మీది తెల్లదానికీ దానికీ తేడా ఈ పొడికేం తెలుసు! నునుపంతా పోయి అరచేయంత గరుకు మచ్చ తేలింది. షాపాయన టైల్స్ అన్నాడు, అబద్ధం కాదు, బండల సంగతి నేను అడగలేదు. కానీ మన దగ్గర సగం ఇళ్లలో బండలే, ప్యాకెట్ మీద ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

నల్లాలకీ కమోడ్‌కీ మళ్లీ కొంటా. స్టార్లు మూడే. ఆ రోజు గడప మీది తడిని ఆపడానికి మా బిడ్డ వంటింట్లోంచి తినే సోడా తెచ్చి చల్లింది, రెండు ఆమ్ల లవణాలూ కలిసి బుసబుసా పొంగాయి.