మ్యూజికల్ కామెడీ ఆడిషన్: నెమ్మది పాటా, నవ్వించే పాటా, ఏది మేలు?

అమెరికాలో ఏ ఊళ్లోనైనా కమ్యూనిటీ థియేటర్ వాళ్లు మ్యూజికల్ కామెడీకి (పాటలతో నడిచే హాస్య నాటకానికి) ఆడిషన్లు ప్రకటించగానే మనవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే. గొంతు బాగా తెలిసేలా బల్లాడ్ (నెమ్మదిగా, భావం నింపి పాడే పాట) పాడాలా, హుషారైన కామెడీ పాట పాడాలా? సంగీతం నేర్చుకున్నవాళ్లలో ఎక్కువమంది బల్లాడ్ వైపే మొగ్గుతారు. నేను మాత్రం కామెడీ పాటే పాడమంటాను.

బల్లాడ్‌కీ బలముంది. అది శ్రుతిని దాచనివ్వదు. దీర్ఘ స్వరం వణక్కుండా నిలుస్తుందా, పై స్థాయిలో గొంతు పిసికినట్టు అవుతుందా, ఊపిరి వాక్యం చివరిదాకా సరిపోతుందా అన్నవి మ్యూజిక్ డైరెక్టర్‌కి అరనిమిషంలో తెలిసిపోతాయి. సొప్రానో (పై స్థాయి ఆడగొంతు) నాయిక పాత్ర కోరేవాళ్లకి, కోరస్‌లో హార్మొనీ పాడే చోటు చాలనుకునేవాళ్లకి బల్లాడే నయం.

ఇబ్బందల్లా సమయంతోనే. ఆడిషన్‌లో పాటంతా కాదు, కొన్ని బార్లే (తాళం గడులే) పాడనిస్తారు. 16 బార్లంటే నాలుగేసి దెబ్బల చొప్పున 64, అంటే మన ఆది తాళంలో ఎనిమిది ఆవర్తనాలు. నిమిషానికి 72 దెబ్బల బల్లాడ్‌లో వాటికి 53 సెకన్లు పడుతుంది. అంతసేపూ వినిపించేది ఒకే భావం. 160 దెబ్బల కామెడీ పాటలో 32 బార్లు 48 సెకన్లలో అయిపోతాయి, అందులో రెండు జోకులు, ఒక మలుపు పడతాయి. నోటీసులో 16 బార్లే అని రాసుంటే 24 సెకన్లే దక్కుతాయి. ఒక జోకుకి అవి చాలు. టేబుల్ దగ్గర మ్యూజిక్ డైరెక్టర్ పక్కనే డైరెక్టర్ కూడా ఉంటారు, ఆయన వెతికేది నవ్వించగల మనిషి కోసం.

అయితే కామెడీ పాటలో తేల్చేది గొంతు కాదు, మాట. ఇంగ్లీషు కామెడీ పాటలో జోకు తరచూ పాదం చివరి మాటలో, అంత్యప్రాస మీద పడుతుంది. ఆ మాట ఎక్కువసార్లు హల్లుతో ఆగుతుంది. క్యాట్, క్యాబ్, క్యాప్ మూడింట్లోనూ అచ్చు ఒకటే, తేడా అంతా చివరి హల్లులో ఉంది. మనకి అచ్చుని సాగదీసి పాడే అలవాటు. ‘యా’ దగ్గర నిలబడి గమకం వేస్తాం, ‘ట్’ గాల్లో కలిసిపోతుంది, దాంతో జోకు వెనక వరుస దాకా చేరదు. కొందరు జాగ్రత్తపడి ‘క్యాట్టు’ అని చివర ఒక ఉకారం చేరుస్తారు. అప్పుడు అదనపు అక్షరంతో తాళం వెనకబడుతుంది. హల్లుని ఠక్కున తుంచి అక్కడే ఆగాలి.

దీనికి సాధన ఇలా చేయాలి. ముందు పాటని సంభాషణలా చదవాలి. తర్వాత మెట్రోనోమ్ (తాళం దెబ్బలు కొట్టే పరికరం) నిమిషానికి 100 దెబ్బల మీద పెట్టి మాటలన్నీ ఒకే స్వరం మీద అనాలి. తడబాటు లేకుంటే నాలుగైదేసి దెబ్బలు పెంచుకుంటూ పోవాలి. 160లో మాటలు అలుక్కుపోతుంటే 144 దగ్గరే ఆగండి, జోకుకి వేగం కన్నా స్పష్టత అవసరం. ఆపై ఫోన్‌ని గది అవతలి మూల పెట్టి రికార్డ్ చేసి, ఆ పాట తెలియని మనిషికి వినిపించి, వినపడిన మాటలు రాయమనండి. ఎక్కడ ఖాళీ వదిలారో అదే సరిచేయాల్సిన చోటు. ఊపిరి జోకు పాదానికి ముందే తీసుకోవాలి, జోకుని సగానికి విరిచి కాదు. ముఖం వంకర్లు తిప్పడం, తామే ముందు నవ్వడం అసలే వద్దు. చూసేవాళ్లకి నవ్వొచ్చే సంగతి ఆ పాత్రకి ప్రాణసంకటం, అలాగే పాడాలి.

గొంతు గొప్పది కాకపోతే ఎలా అన్న బెంగ వద్దు. 1950లో ‘గైస్ అండ్ డాల్స్’ మ్యూజికల్ బ్రాడ్వేకి (న్యూయార్క్ నాటకశాలలకి) వచ్చినప్పుడు నాథన్ డెట్రాయిట్ పాత్ర వేసిన శామ్ లెవీన్‌కి శ్రుతి అందుకోవడమే కష్టం. అందుకే ఆయన పాట ఎత్తుగడకి ముందు చిన్న మాటల మెట్లు కట్టి, వాటి మీదుగా స్వరంలోకి నడిపించారు. 1956లో ‘మై ఫెయిర్ లేడీ’లో రెక్స్ హారిసన్ మాట్లాడుతున్నట్టే పాడాడు, బ్రాడ్వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు అందుకున్నాడు. అంతమాత్రాన శ్రుతి తప్పొచ్చని కాదు. పాట ఎత్తుకునే స్వరం అందేలా రెండు బార్ల ఇంట్రో గానీ, పియానో మీద ఒక్క స్వరం గానీ అడగండి. ఎనిమిది బార్ల ఇంట్రో పెడితే పాడకుండానే చేతులు నలుపుకుంటూ నిలబడాలి.

ఏ పాటైనా, పియానిస్ట్ చేతికిచ్చే కాగితాల దగ్గరే సగం ఆడిషన్లు చెడతాయి. జెరాక్స్‌లో అడుగున ఎడమచేతి స్వరాల వరస తెగిపోతుంది, చూసుకోండి. పాట మధ్య నుంచి మొదలెడితే పైన శ్రుతి గుర్తులు, తాళం గుర్తు మళ్లీ రాయాలి. వదిలేసే బార్లని కొట్టేసే కన్నా, కత్తిరించి అతికించి జెరాక్స్ తీస్తే పియానిస్ట్ కన్ను తడబడదు. మొదలు, ముగింపు పెద్దగా గుర్తుపెట్టి, రెండు వైపులా ముద్రించి, మూడు రింగుల బైండర్‌లో పెట్టండి. వేగం చెప్పాలంటే పియానో పక్కన మొదటి పాదం మెల్లగా పాడి వినిపించాలి, చిటికెలు వేయకూడదు. “ఒక మెట్టు దించి వాయిస్తారా” అని అప్పటికప్పుడు అడగొద్దు, మీ శ్రుతిలో ఉన్న ప్రతే తెచ్చుకోండి.

ఇక మిగతావి. ఆడబోయే షోలోని పాటే పాడొచ్చా? నోటీసులో అడిగితేనే. పాప్ పాటలు ఒకే వరసని తిప్పితిప్పి పాడిస్తాయి, పాత్రకి చోటివ్వవు. తెలుగు సినిమా పాటకి పియానిస్ట్ వాయించగల షీట్ దొరకడం కష్టం, దొరికినా మాట అర్థం కాని చోట జోకు పేలదు.

బల్లాడ్‌ని పూర్తిగా వదిలేయకండి. 16 బార్లకి కోసి, బైండర్‌లో కామెడీ పాట వెనకే పెట్టుకోండి. “ఇంకేమైనా ఉందా?” అని మ్యూజిక్ డైరెక్టర్ అడిగితే, నిలకడైన గొంతు కావాలన్నమాట. అప్పుడు వేరే పాట వెతుక్కోకుండా పేజీ తిప్పి పాడేయొచ్చు.